నిశాని

కమలాపురం రిజిస్ట్రారాఫీసులో
మిషన్ మూడుసార్లు కాదనింది.
ఎడమ బొటనవేలు. కాదు.
తుడుచుకోని పెట్టు సామీ, అన్నాడు కంప్యూటరబ్బోడు.
కాదు.
ప్యాంటుకు రుద్దుకోని, ఊదుకోని, మళ్ళీ పెట్టినాడు
గువ్వల లింగమయ్య.
పదిహేడు టెస్టులు, అరవై నాలుగు వన్డేలు
వికెట్ల వెనక గొంతుకూచున్న మనిషి.
చూపుడువేలు తూర్పుకు, చిటికెనవేలు నైరుతికి,
నడిమివేలు ఎటు పోవల్నో తెలీక ఆన్నే నిలబడిపోయింది.

దస్తావేజు రాసింది నేను.
రెండెకరాల పదిసెంట్లు, సిమెంటు ఫ్యాక్టరీకి.
మోకాళ్ళ ఆపరేషనుంది వానికి.
చెక్కుబందీ: తూర్పున రస్తా,
దక్షిణాన నాపరాళ్ళ గని గుంత, నీళ్ళు నిలిచినది.
గుంత అంచున గోడ సంగతి రాయలేదు.
ఆ నాపగోడకే మేమిద్దరం బంతి కొట్టేవాళ్ళం.
పగిలిన అంచుకు తగిలితే ఎటొస్తాదో
నాకు తెలిసేది కాదు.
వానికీ తెలిసేది కాదు.
వాడు తెలుసుకునేదాకా ఆగేవాడు కాదు, అంతే తేడా.

స్కూలు కీపర్ని ముందు నేనే.
తొమ్మిదో తరగతిలో, జమ్మలమడుగుతో మ్యాచి పొద్దున
నాకు గవదబిళ్ళలు లేచినాయి.
గ్లౌజులు వానికిచ్చినా,
లోపల మా అమ్మ పాత చీరగుడ్డ మడిచి కుట్టినవి.
ఈ ఒక్క మ్యాచికే, అన్నా.
ముప్పై ఏండ్లయింది. ఇంకా ఇయ్యలేదు.

టీవీలో మొకం కంటే మాట ముందొచ్చింది.
స్టంపుల కింది మైకులో,
హిందీకి ఇంగ్లీషుకు నడుమ,
"అబ్బా, కొంచెంలో పాయె కదప్పా!"
ఆ పొద్దు ఎర్రగుంట్ల బజారంతా నవ్వింది.
బౌలరు పంజాబోడు. వానికేమర్థమయిందో
మళ్ళీ బంతి అదే చోట ఏసినాడు.

ఏడో నంబరు బ్యాటింగంటే
అందరూ తిని లేచినాక కూచోడం.
ఉంటే సంగటి, లేకుంటే కుండ గోకుడు.
ఆ గోకుడుతోనే తొంభై ఆరు చేసినాడొకసారి.
అవతలి కొసన ఆఖరోడు ఔటయినాడు.
నాలుగు పరుగులు కదరా, అంటే
నాటౌటే కదా, అన్నాడు.

ఆ జారిన క్యాచి గురించి రాయకుంటే
ఈ దస్తావేజు చెల్లదు.
టీ అంగడి టీవీలో ఎనిమిదిసార్లు చూపించినారు.
తొమ్మిదోసారికి వాళ్ళ నాయన ఓబన్న లేచి దగ్గరికి పోయినాడు.
"నొప్పి చేత్తో పట్టబోయినాడు. కుడిచెయ్యి, ఉంగరంవేలు. చూడండి."
ఎవరికీ కనపళ్ళా.
ఇరవై రెండేండ్లు పాలిషు మిషన్ కాడ
రాళ్ళు తోసిన మనిషికి కనపడింది.
వేలు విరిగి మూడువారాలయిందని
చాన్నాళ్ళకు గానీ బయటపడలేదు.
అప్పటికే ఇరవై ఏండ్ల పిల్లోడొకడు
ఆ చోట కూచున్యాడు.
అబద్ధమెందుకు,
నాకు లోపల యాడో కొంచెం సంతోషమయింది.
రెండు పొద్దులు అన్నం సయించలేదు, అదీ నిజమే.

స్కోరుపట్టీలో కీపరు పేరు పక్కన
చిన్న కత్తి గుర్తొకటి ఏస్తారు.
మా పనిలో దానికి నిశాని అని పేరు.
సంతకం రానోని పేరు పక్కన మేం రాస్తాం,
వాడు వేలు ఒత్తుతాడు.
ఓబన్న నిశాని పాత దస్తరంలో ఉండాది:
నున్నటి నల్లమచ్చ, గీత లేదు, సుడి లేదు,
గీతలన్నీ రాతికి పోయినాయి.
కడాకు రేషనంగట్లో మిషన్ ఆయన్నీ కాదనింది.

"కండ్లు పెట్టు సామీ," అన్నాడు కంప్యూటరబ్బోడు.
బల్ల పొట్టిది.
లింగమయ్య కిందికి దిగి గొంతుకూచున్నాడు.
మోకాళ్ళు పటపటమన్నాయి, క్యూలో వాళ్ళు తిరిగి చూసినారు.
గడ్డం కొంచెం ముందుకు.
చేతులు వాటంతట అవే దగ్గరికొచ్చినాయి.
రెప్ప ఏయలేదు.
మిషన్ ఒక్క తూరికే అవుననింది.

లేయడానికి చెయ్యి సాపినాడు.
పట్టుకున్నా.
ఏది ఏ వేలో తెలీలేదు.